ఇరువురు ప్రభువుల దివాను: మొదటి సాలార్ జంగు

హైదరాబాదు నగరమును చూడవచ్చిన వారు సాలార్ జంగు మ్యూజియమును చూడక మరలిపోరు. ఆ అపురూప వస్తుసంచయములో పెక్కు భాగము కూర్చినవాడు మూడవ సాలార్ జంగు, నవాబు యూసుఫ్ అలీ ఖాన్. కాని ఆ పేరునకు ప్రతిష్ఠ తెచ్చినవాడు ఆయన పితామహుడగు నవాబు మీర్ తురాబ్ అలీ ఖాన్. చరిత్రకారులు మొదటి సాలార్ జంగు అని పిలుచునది ఆయననే. 1853 మొదలు 1883 వరకు ముప్పది సంవత్సరములు, ముగ్గురు నైజాముల కాలమున, ఆయన హైదరాబాదు రాజ్యమునకు దివానుగా నుండెను. మనుమని పేరు ఎరుగని వారు అరుదు. తాత చేసిన పని ఎట్టిదో తెలిసినవారు అంతకంటె అరుదు. నేటి ప్రసంగమునకు విషయము ఆ తాత జీవితము.

మొదట దివాను పదవి ఎట్టిదో తెలిసికొనవలెను. నేటి మంత్రికి శాసనసభ యున్నది, పార్టీ యున్నది, ఓటరులున్నారు. నాటి దివానుకు ఇవి యేవియు లేవు. ప్రభువు అనుగ్రహమున్నంత కాలమే పదవి. రాజ్యాదాయము సమకూర్చుట, సైన్యమునకు జీతములిచ్చుట, సాహుకారులను సమాధానపరచుట, దర్బారులో నజరు సమర్పించి వినయముతో నిలుచుట, ఇవన్నియు ఒక్కనికే చెందిన బాధ్యతలు. హైదరాబాదులో దీనికి తోడు ఇంకొక చిక్కుండెను. మూసీనదికి దక్షిణమున రాజప్రాసాదములో నైజాము ఒక ప్రభువు. నదికి ఉత్తరమున, చిరకాలము మహిళా కళాశాలకు నిలయమైన కోఠీ భవనములో, బ్రిటిషు రెసిడెంటు రెండవ ప్రభువు. దివానును నైజాము నియమింపవలెను, రెసిడెంటు సమ్మతింపవలెను. ఒకరికి మిక్కిలి ఇష్టుడైనచో రెండవవారికి అనుమానము. ఇరువురకును విశ్వాసపాత్రుడుగా నుండుట కత్తి అంచుపై నడచుట వంటిది. సాలార్ జంగు ఆ అంచుపై ముప్పది సంవత్సరములు నడచెను.

ఆయన 1829వ సంవత్సరమున జన్మించెను. ఆయన వంశీయులు మదీనా నుండి వచ్చి బిజాపూరులో స్థిరపడిన కులీనులు. హైదరాబాదు చరిత్రలో ప్రసిద్ధుడగు మీర్ ఆలం ఆ వంశమువారికి బంధువు. 1799లో శ్రీరంగపట్నముపై జరిగిన దండయాత్రలో నైజాము సైన్యమునకు నాయకుడై, పిమ్మట దివానుపదవి నలంకరించి, నగరమునకు నీరందించిన పెద్ద చెరువును త్రవ్వించిన మహానుభావుడాయన. మీర్ ఆలం కుమార్తెను పెండ్లాడిన మునీరుల్ ముల్కు సాలార్ జంగునకు పితామహుడు, ఆయనయు దివానే. కాని ఆ దివాను పేరుకు మాత్రమే. అధికారమంతయు పేష్కారగు రాజా చందూలాలు చేతిలో నుండెను. తండ్రి చిన్నతనముననే గతించుటచే తురాబ్ అలీ ఖాన్ తన పినతండ్రియగు సిరాజుల్ ముల్కు సంరక్షణలో పెరిగెను. అరబ్బీ, ఫారసీ భాషలు నేర్చెను. ఆంగ్లమును సైతము శ్రద్ధతో అభ్యసించెను. ఆ కాలపు నవాబు కుమారులలో అది అరుదైన సంగతి. ఇంచుమించు ఇరువదేండ్ల ప్రాయమున ఖమ్మం ప్రాంతమునకు తాలూక్‌దారై, గ్రామములలో శిస్తు ఎట్లు వసూలగునో, రైతు ఎట్లు నలుగునో ఆయన స్వయముగా చూచెను. ఆ ప్రాంతమును అంతకు ముందు నిర్వహించిన డైటన్ అను ఆంగ్లేయుని పద్ధతులు ఆయనకు పాఠములైనవి. తరువాతి కాలపు సంస్కరణలకు బీజము ఈ తెలుగునేలలోనే పడెనని చెప్పవచ్చును.

1853వ సంవత్సరము హైదరాబాదు రాజ్యమునకు దుర్దినములను తెచ్చినది. దాని కారణము "కంటింజెంటు" అను సైన్యము. ఇది నైజాము ధనముతో పోషింపబడుచు, ఆంగ్లేయాధికారుల ఆజ్ఞలకు లోబడియుండిన సైన్యము. దానికి ఏటేట సుమారు 40 లక్షల రూపాయలు వ్యయమగుచుండెను. ఖజానా శూన్యమైనపుడు కంపెనీవారే ముందుగా చెల్లించి ఆ మొత్తమును నైజాము పేరిట అప్పుగా వ్రాసికొనిరి. అప్పు పెరిగెను. తుదకు 1853 మే 21వ తేదీన జరిగిన సంధి ననుసరించి బేరారు రాష్ట్రమును, రాయచూరు అంతర్వేదిని, నల్దుర్గము వైపు జిల్లాలను నైజాము నాసిరుద్దౌలా కంపెనీవారి నిర్వహణమునకు అప్పగింపవలసి వచ్చెను. రాజ్యములోని సారవంతములైన భూములు, ముఖ్యముగా ప్రత్తి పండు బేరారు నల్లరేగడి, చేజారిపోయెను. సంధి జరిగిన కొలదిదినములకే దివాను సిరాజుల్ ముల్కు మరణించెను. మే నెల ముగియకమునుపే దివాను పదవి ఇరువదినాలుగేండ్ల తురాబ్ అలీ ఖానును వరించెను.

ఆ యువకుడు ఆ పదవి కొరకు అర్రులు చాచలేదు. పినతండ్రి జాగీరులను అనుభవించుచు ప్రశాంతముగా నుండుటయే తన కోరిక యనియు, నిరాకరించినచో తనకును కుటుంబమునకును ముప్పు కలుగునని మిత్రులు హెచ్చరించుటచే అంగీకరించితి ననియు ఆయన డైటనునకు వ్రాసిన లేఖలో తెలిపెను. ఆస్థానములలో పదవిని పొందుట యెంత ప్రమాదమో, కాదనుట యంతకంటె ప్రమాదము.

ఆయన స్వీకరించిన రాజ్యము ఏ స్థితిలో నున్నదో చూడుడు. శిస్తు వసూలు గుత్తకు ఇయ్యబడుచుండెను. ప్రభుత్వమునకు ముందుగా రొక్కమిచ్చినవానికి తాలూకా దక్కును. అతడు దానిని మరియొకనికి మారుగుత్తకిచ్చును. తుదకు గ్రామములో రైతు ఈ మధ్యవర్తులందరి లాభమును తన కళ్ళమునుండి కొలిచి ఈయవలెను. ఎక్కువ పాటకు వేరొకడు సిద్ధపడినచో గుత్తదారు మారును. క్రొత్తవాడు మరల వసూలు చేయును. అప్పులిచ్చిన అరబ్బు జమాదారులు, రోహిల్లా నాయకులు తాలూకాలను తాకట్టుగా పట్టియుండిరి. వారికి సొంత సైనికులు, సొంత చెరసాలలు కూడ నుండెను. బాకీదారుని పట్టి తమ ఇంటనే బంధించుట వారికి సామాన్యమైన సంగతి. నాణెముల సంగతియు నంతే. ఒక్కొక్క చోట ఒక్కొక్క టంకశాల, ఒక్కొక్క మారకపు వెల.

యువ దివాను ఆర్భాటము చేయలేదు, ఓర్పుతో పని ప్రారంభించెను. సాహుకారుల కడ నమ్మిక సంపాదించి క్రొత్త ఋణములు తక్కువ వడ్డీకి తెచ్చి పాత తాకట్టులను ఒక్కొక్కటిగా విడిపించెను. గుత్తదారులను క్రమముగా తొలగించి వారి స్థానమున జీతములు పుచ్చుకొను తాలూక్‌దారులను నియమించెను. అరబ్బుల ప్రైవేటు చెరసాలలను అరికట్టి, వారి వ్యాజ్యములను విచారించుటకు న్యాయస్థానము నేర్పరచెను. టంకశాలను ప్రభుత్వాధీనము చేసి "హాలీ సిక్కా" నాణెమును నెలకొల్పెను. దారుల్ ఉలూమ్ అను పాఠశాలను 1850 తరువాతి దశకములోనే స్థాపించెను. ఈ పనులలో ఏ ఒక్కటియు ఒక్క దినమున ముగిసినది కాదు. లాభము పోగొట్టుకొన్న ప్రతి గుత్తదారుడును, ప్రతి జమాదారును దర్బారులో ఆయనకు ఒక శత్రువుగా మారెను.

ఇంతలో 1857 వచ్చినది. మీరటులో సిపాయిలు తిరుగబడినది మే 10వ తేదీన. మే 16వ తేదీన నాసిరుద్దౌలా మరణించెను. ఆయన కుమారుడు అఫ్జలుద్దౌలా గద్దె నెక్కెను. ఉత్తరమున ఢిల్లీ తిరుగుబాటుదారుల వశమయ్యెను. దక్షిణ భారతమంతయు హైదరాబాదు వైపు చూచుచుండెను. నైజాము తిరుగబడినచో మద్రాసు, బొంబాయి రాజధానులు సైతము కదలునని ఆంగ్లేయులు వణకిరి. నగరములో ఫకీరుల ప్రసంగములు, గోడలపై ప్రకటనలు, మసీదులలో గుసగుసలు. ఢిల్లీకి పోవ నిరాకరించి బుల్దానా నుండి పారిపోయి వచ్చిన జమాదారు చీదాఖానును దివాను నిర్బంధించి రెసిడెంటునకు అప్పగించెను. ఆయనను విడిపింపవలెనని నినదించుచు జూలై 17వ తేదీ సాయంకాలమున తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీనుల నాయకత్వమున జనము రెసిడెన్సీపై పడిరి. దివాను ముందుగనే హెచ్చరించియుండుటచే రెసిడెంటు డేవిడ్సన్ ఫిరంగులతో సిద్ధముగా నుండెను. రాత్రియంతయు కాల్పులు సాగినవి. తెల్లవారునప్పటికి తిరుగుబాటుదారులు చెల్లాచెదరైరి. అలావుద్దీను అండమానులలో శేషజీవితము గడపి అచటనే మరణించెను. తుర్రెబాజ్ ఖాన్ 1859 జనవరిలో చెరనుండి తప్పించుకొని, తూప్రాను సమీపమున చంపబడెను. ఆయన మృతదేహమును నగరములో బహిరంగముగ వ్రేలాడదీసిరి.

సాలార్ జంగు జీవితమును తలపోయునపుడు ఈ ఘట్టమును దాటిపోవుటకు వీలులేదు. దేశస్వాతంత్ర్యము కొరకు తెగించినవారి పక్షమున నిలువక, విదేశీయుల పక్షమున నిలిచిన మంత్రి ఈయన. నాటి నగరవాసులలో పెక్కుమంది ఆయనను ద్రోహియనియే భావించిరి. ఆయన లెక్క వేరు. సతారా, నాగపూరు, ఝాన్సీ, అయోధ్య, ఒకదాని వెంట నొకటి కంపెనీ పొట్టలోనికి పోవుట ఆయన చూచెను. కంటింజెంటు సైన్యము ఆంగ్లేయుల చేతిలో నున్నది. సికిందరాబాదులో వారి దండు నిలిచియున్నది. తిరుగుబాటు విఫలమైనచో హైదరాబాదు అను రాజ్యమే పటమునుండి తొలగిపోవునని ఆయన భయపడెను. విశ్వాసము చూపినచో, పోయిన బేరారు తిరిగి వచ్చునని ఆశించెను. భయము నిజమో కాదో తేలలేదు. ఆశ మాత్రము ఫలింపలేదు.

1859లో దర్బారు ముగిసి రెసిడెంటుతో కలిసి బయటికి వచ్చుచుండగా ఒకడు వారిపై తుపాకి ప్రేల్చెను. గుండు తప్పిపోయెను. ఆ మరుసటి సంవత్సరమున బ్రిటిషువారు కృతజ్ఞతాసూచకముగ క్రొత్త సంధి చేసికొనిరి. రాయచూరు అంతర్వేది, నల్దుర్గము తిరిగి నైజామునకు లభించినవి. 50 లక్షల రూపాయల ఋణము రద్దయినది. సురపుర సంస్థానము నైజామునకు బహుమానముగా ఇయ్యబడెను. ఆ సురపురాధిపతి వెంకటప్ప నాయకుడు 1858లో తిరుగబడి, ఓడి, హైదరాబాదునకు వచ్చి తలదాచుకొన జూచినపుడు పట్టి ఆంగ్లేయుల కప్పగించినవాడు ఈ దివానే! నైజామునకు లక్ష రూపాయల విలువగల కానుకలు, దివానునకు 30,000 రూపాయల విలువగల కానుకలు లభించెను. బేరారు మాత్రము వారి చేతిలోనే నిలిచిపోయెను. దాని ఆదాయవ్యయముల లెక్కలు అడుగు హక్కును సైతము నైజాము వదలుకొనవలసి వచ్చెను. గోదావరికి ఎడమ ఒడ్డునగల తాలూకాలు కూడ ఈ సంధితోనే బ్రిటిషువారికి పోయెను. రాములవారి భద్రాచలము నైజాము ఏలుబడి నుండి తప్పినది ఆనాడే.

ఇంతటి సేవ చేసిన దివానుపై అఫ్జలుద్దౌలాకు ప్రేమ కలుగలేదు సరికదా, అనుమానము పెరిగెను. ఆంగ్లేయులు మెచ్చుకొను మంత్రి తనవాడెట్లగునని ఆయన తలంపు. 1861లోను, 1867లోను ఆయనను తొలగింప ప్రయత్నములు జరిగెను. రెండు పర్యాయములును రెసిడెంటు అడ్డుపడెను. అడ్డుపడిన కొలదియు అనుమానము గట్టిపడెను. 1867లో రెసిడెంటుగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ ఈ దివాను స్థితిని చూచి ఆశ్చర్యపడెను. రాజ్యమంతటిని నడుపు మంత్రి ప్రభువు అనుమతి లేక తన దేవిడీ దాటి దూరము పోజాలడు. ప్రభువు పిలుపు వచ్చినచో ఆయన ముఖము పాలిపోవునట! 1868లో ఈదు దర్బారునకు పోవుచుండగా ఆయనపై మరల హత్యాప్రయత్నము జరిగెను. ఈ యన్నిటి నడుమను ఆయన ప్రభువును గూర్చి పరుషవాక్యము పలికినట్లు గాని, ఆజ్ఞ నతిక్రమించినట్లు గాని దృష్టాంతము లేదు. రెసిడెంటు బలముతో నైజామును లోబరచుకొనుట ఆయనకు సులభమే. కాని అట్లు చేసినచో రాజ్యము పేరుకు మాత్రమే నైజాముదగునని ఆయన ఎరుగును. ప్రభువు గౌరవము నిలిచిననే తన రాజ్యము నిలుచునని నమ్మి, అవమానమును మ్రింగి పనిచేసెను. ఆస్థానోద్యోగి ధర్మమును ఆయన అర్థము చేసికొన్న తీరు ఇది.

ఇట్టి సంకటములోనే ఆయన చేసిన పనులలో శాశ్వతమైనది 1865లో జరిగినది. దానికి "జిల్లాబందీ" యని పేరు. దివానీ భూములనన్నిటిని జిల్లాలుగా, జిల్లాలను తాలూకాలుగా విభజించిరి. జిల్లాకు అవ్వల్ తాలూక్‌దారు, ఆయన క్రింద రెండవ, మూడవ తాలూక్‌దారులు, తాలూకాకు తహసీలుదారు. వీరందరు జీతగాండ్రు, గుత్తదారులు కారు. కొన్ని జిల్లాలను కలిపి సుబాలేర్పడెను. ధాన్యమున వాటా పుచ్చుకొను పద్ధతి తగ్గి, రొక్కపు శిస్తు వ్యాపించెను. పోలీసు, న్యాయ, విద్యా, మరామతు శాఖలు వేరుపడెను. 1868లో రెవెన్యూ, న్యాయము, పోలీసు మొదలగు శాఖలకు సదరుల్ మహాములను నలుగురిని నియమించి మంత్రివర్గమునకు అంకురార్పణ చేసెను. 1948లో నైజాము ప్రభుత్వము అంతరించు వరకు ఈ చట్రమే సాగెను. మన పెద్దల నోట వినబడు తాలూక్‌దారు, పేష్కారు, గిర్దావరు వంటి మాటలు ఆ వ్యవస్థ మన గ్రామములలో విడిచిపోయిన జాడలే.

ఐనను ఈ సంస్కరణములకు ఎల్లలు ఉండెను. పైగా జాగీరులు, నైజాము సొంత భూములగు సర్ఫెఖాస్, అమీరుల జాగీరులు, గద్వాల, వనపర్తి వంటి సంస్థానములు ఈ క్రమమునకు వెలుపల నుండెను. దివాను స్వయముగా గొప్ప జాగీరుదారుడే. తన తరగతి వేళ్ళను ఆయన కదలింపలేదు. అంతకంటె ముఖ్యమైన కొరత యొకటి. క్రొత్త శాఖలకు క్రొత్త విద్య గలవారు కావలసివచ్చిరి. వారిని ఆయన ఉత్తర హిందూస్థానము నుండి రప్పించెను. మొహసినుల్ ముల్కు, చిరాగ్ అలీ, పిమ్మట ఆయన జీవితచరిత్రను వ్రాసిన సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీ మొదలగువారు అట్లు వచ్చినవారే. సమర్థులే, సందేహము లేదు. కాని స్థానికులకును పైనుండి వచ్చినవారికిని నడుమ ముల్కీ, గైరుముల్కీ అను తగవు ఈ కాలముననే నాటుకొనెను. పరిపాలనా భాష ఫారసీయే. ఆయన పోయిన పిమ్మట దాని స్థానమున ఉర్దూ వచ్చెను. జనులలో మిక్కిలి పెద్ద భాగము మాటలాడు తెలుగునకు, మహారాష్ట్రమునకు, కన్నడమునకు పెద్ద కచ్చేరీలలో స్థానము దొరకలేదు. శిస్తు చెల్లించు రైతునకు తన శిస్తుపై వ్రాయబడిన హుకుము ఏమి చెప్పుచున్నదో తెలియదు. ఈ కొరత తరువాతి కాలమున తెలంగాణములో గ్రంథాలయోద్యమమునకును, ఆంధ్రమహాసభకును మూలకారణములలో నొకటి యైనది.

1869 ఫిబ్రవరిలో అఫ్జలుద్దౌలా మరణించెను. వారసుడగు మీర్ మహబూబ్ అలీ ఖాన్ మూడేండ్లు నిండని శిశువు. సాలార్ జంగు, పైగా వంశజుడగు అమీరె కబీరు సహసంరక్షకులుగా రాజ్యము వహించిరి. ఆ పట్టాభిషేక దర్బారులో ఒక చిన్న మార్పు జరిగెను. అంతవరకు రెసిడెంటు సైతము పాదరక్షలు విడిచి నేలపై కూర్చుండు ఆచారముండెను. ఆనాడు ఆంగ్లేయులు పాదరక్షలతోనే వచ్చి కుర్చీలపై కూర్చుండిరి. ప్రభువు శిశువైన వేళ రెండవ ప్రభువు పీట ఎత్తయ్యెను. 1874లో వాడి నుండి సికిందరాబాదునకు రైలు వచ్చినది. దాని వ్యయము నైజాము రాజ్యముపై పడెను.

అధికారము పూర్ణముగా చేతికి వచ్చినప్పటినుండి సాలార్ జంగు మనస్సు బేరారుపైననే నిలిచెను. కంటింజెంటు ఖర్చునకు పూచీగా మూలధనము జమచేసెదము, బేరారు మాకు తిరిగి ఇండని సహసంరక్షకులిరువురు బ్రిటిషు ప్రభుత్వమునకు వ్రాసిరి. నిరాకరించిరి. మరల వ్రాసిరి. మరల నిరాకరించిరి. మృదువైన భాషలో, సంధిపత్రముల ఆధారములతో, అలసట యెరుగక ఆయన వ్రాయుచునే యుండెను. 1857లో ఆయనను పొగడినవారికే ఆయన ఇప్పుడు కంటిలో నలుసయ్యెను.

1876 ఏప్రిలులో ఆయన ఓడ నెక్కి ఐరోపాకు బయలుదేరెను. రోమునగరములో బెన్జోనీ అను శిల్పి చెక్కిన ముసుగు రెబెక్కా విగ్రహమును కొనెను. నేడు మ్యూజియములో జనము చూచి విస్తుపోవునది అదియే. పారిసులో హోటలు మెట్లపై జారిపడి తొడయెముక విరిగెను. ఆ స్థితిలోనే లండను చేరెను. విక్టోరియా రాణి దర్శనమిచ్చెను. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయము డాక్టరు పట్టము నొసగెను. లండను నగరము పౌరసత్వ గౌరవమును సమర్పించెను. విందులకు లోటు లేదు. ఆయన పోయినది మాత్రము వీటి కొరకు కాదు. బేరారు ప్రస్తావన వచ్చినపుడు సమాధానములు దాటవేతలుగా నుండెను. ఆగస్టులో ఆయన బిరుదులతోను, గౌరవములతోను తిరిగివచ్చెను. బేరారు మాత్రము రాలేదు.

పైగా శిక్ష వచ్చినది. 1877లో సహసంరక్షకుడగు అమీరె కబీరు మరణింపగా, వైస్రాయి లార్డు లిట్టన్ ఆ స్థానమునకు సాలార్ జంగునకు పరమశత్రువైన రషీదుద్దీన్ ఖానును నియమింపజేసెను. దివాను మొదట ఒప్పుకొనలేదు. ఒప్పుకొననిచో పదవి వదలుకొనవలసి వచ్చునని స్పష్టమయ్యెను. ఇరువది సంవత్సరములు బ్రిటిషువారికి కుడిభుజముగా నుండిన మంత్రి తలవంచెను. మరుసటి సంవత్సరమున లండను నుండి సమాధానము వచ్చినది: బాలనైజాము యుక్తవయస్కుడగు వరకు బేరారు విషయము చర్చింపబడదు.

ఆయన వేచియుండెను. 1881లో రషీదుద్దీన్ ఖాన్ మరణించుటచే మరల ఏకైక సంరక్షకుడయ్యెను. ఇంకొక సంవత్సరములో మహబూబ్ అలీ ఖాన్ పూర్ణాధికారములు వహింపనుండెను. బేరారు మాటను లండను తప్పక విచారింపవలసిన కాలము దగ్గరపడుచుండెను. 1883 ఫిబ్రవరి 7వ తేదీన ఒక జర్మను రాజవంశీయునికి అతిథి మర్యాదగా మీర్ ఆలం చెరువు చూపించుటకు పోయెను. ఆ రాత్రి కలరా సోకెను. మరునాడే, ఫిబ్రవరి 8వ తేదీన, సాలార్ జంగు కన్నుమూసెను. వయస్సు ఏబదినాలుగు. విషప్రయోగమని నగరములో వదంతులు లేచెను. ఋజువు మాత్రము లేదు. దాయిరా మీర్ మోమిన్‌లో పూర్వులకడ ఆయనను సమాధి చేసిరి. మరుసటి సంవత్సరము ఫిబ్రవరి 5వ తేదీన లార్డు రిప్పన్ వచ్చి మహబూబ్ అలీ ఖానునకు అధికారము నొసగెను. ఆ దర్బారులో సాలార్ జంగు లేడు. దివానుపదవి ఆయన పెద్దకుమారుడగు లాయక్ అలీ ఖానునకు దక్కెను.

బేరారు సంగతి యేమైనది? 1902లో లార్డు కర్జన్ దానిని ఏటికి 25 లక్షల రూపాయల కౌలునకు శాశ్వతముగా వ్రాయించుకొనెను. ఆ భూభాగము మరల హైదరాబాదు చేతికి రాలేదు. నేడది మహారాష్ట్రములో భాగము. ముప్పదేండ్లు ఒక మంత్రి మనస్సులో మెదలిన కోరిక ఒక్క కాగితముపై ముగిసిపోయెను.

సాలార్ జంగును ఎట్లు తూచవలెను? దేశభక్తుల పంక్తిలో ఆయనకు పీట వేయుట సాధ్యము కాదు. తుర్రెబాజ్ ఖాన్ మృతదేహము అందుకు అడ్డుపడును. ఆంగ్లేయుల కీలుబొమ్మ యని త్రోసివేయుటయు న్యాయము కాదు. అట్టివాడే యైనచో లిట్టన్ ఆయనను అంతగా వేధించియుండడు. ఆయన ఒక రాజ్యమును కాపాడదలచెను. దానికొరకు బలవంతుని స్నేహమును నమ్మెను. ఆ స్నేహము బిరుదుల వరకే గాని హక్కుల వరకు రాదని ఆయనకు తెలియుటకు ఇరువది సంవత్సరములు పట్టినది. తెలిసిన పిమ్మట సైతము ఆయన అడుగుట మానలేదు. ఆ అడుగుటయే ఆయన జీవితములో నాకు మిక్కిలి గౌరవపాత్రముగా తోచు భాగము.

ఆయన పరదేశములో పెట్టుకొన్న ఆశ వ్యర్థమైనది. స్వదేశములో ఓపికతో కట్టిన పాలనావ్యవస్థ మాత్రము ఎనుబదియేండ్లకు పైగా నిలిచినది. గుత్తదారుడు పోయి తహసీలుదారు వచ్చిన నాడు గ్రామములోని రైతు ఎన్నడును చూడని ఆ దివాను పేరు తలచియుండడు. అయినను కళ్ళములో అతని ధాన్యపురాశి కొంత మిగిలియుండును. దర్బారులలో జరిగిన విజయాపజయములన్నియు అణగిపోయిన పిమ్మట, ఒక మంత్రి జీవితమును కొలుచుటకు అది చిన్న కొలమానము కాదు.